కక్షధర మర్మాభిఘాతము – బాహునాడీ వైకల్యము : ఒక పదవిచారము

సుశ్రుతసంహిత శారీరస్థానమున ఆఱవ అధ్యాయమునకు ప్రత్యేకమర్మనిర్దేశమని పేరు. అందు పేర్కొనబడిన 107 మర్మములలో కక్షధరము ఒకటి. ఱొమ్మునకును చంకకును నడుమ దాని స్థానము. అచట దెబ్బ తగిలినచో కలుగు ఫలమును గ్రంథకర్త ఒక్క మాటతో ముగించెను: పక్షాఘాతము. ఈ ఒక్క మాటను మనము ఎట్లు అర్థము చేసికొనవలెను, విద్యార్థులకు ఎట్లు బోధింపవలెను అనునది ప్రస్తుత వ్యాసమునకు విషయము. పైకి ఇది వ్యాఖ్యాతలకు మాత్రమే సంబంధించిన చిన్న చిక్కువలె తోచును. కాని రాయదుర్గము వంటి మెట్టసీమలో మోటారు సైకిలుపై నుండి పడి, చేయి వ్రేలాడుచున్న యువకుని ఇంటివారు ఆ స్థితికి ఏ పేరు పెట్టుదురో, ఆ పేరునుబట్టియే వారు పోవు త్రోవ ఏర్పడును. త్రోవ తప్పి గడచిన నెలలు ఈ వ్యాధి విషయమున మరల రావు. కనుక ఇచట పదవిచారము పదవిచారముగా మాత్రమే మిగులదు.

మొదట పక్షాఘాత శబ్దమును చూతము. నిదానస్థానము మొదటి అధ్యాయమున సుశ్రుతుడు దీనినే వాతవ్యాధిగా వర్ణించెను. అచట దాని లక్షణము శరీరమున ఒక ప్రక్క సగము చేష్ట దప్పుట. నేటి వైద్యులు మెదడులో రక్తప్రసారము నిలిచినందునగాని, రక్తము చిమ్మినందునగాని కలుగునని చెప్పు పక్షవాతము ఇదియే. కక్షధర ప్రసంగమున ఈ అర్థము పొసగదు. చంకయొద్ద తగిలిన దెబ్బ కాలిని పడవేయజాలదు, నోటిని వంకర చేయజాలదు. పక్షమనగా ప్రక్క అనియే కాదు, ఱెక్క అనియు అర్థము కలదు. గ్రంథకర్త క్రమమును గమనింపుడు. మణిబంధమున దెబ్బకు కుంఠత్వము, మోచేతి కూర్పరమున దెబ్బకు కుణిత్వము, కక్షధరమున దెబ్బకు పక్షాఘాతము. మూడును చేతికి సంబంధించిన వైకల్యములే. దెబ్బ తగిలిన చోటు పైకి పోయినకొలది నష్టము పెరుగుచున్నది. ఈ వరుసలో మూడవదానిని మాత్రము సగము శరీరమునకు అన్వయించుట ప్రకరణమునకు విరుద్ధము. పక్షికి ఱెక్క ఎట్లో మనిషికి బాహువు అట్లు. ఆ ఱెక్క కూలుటయే ఇట పక్షాఘాతము. ఇది నా అన్వయము. వేఱు విధముగ తలచువారు ఉండవచ్చును గాని, వారు ఆ వరుసకు సమాధానము చెప్పవలసియుండును.

భుజమున మఱి రెండు మర్మములు ఈ విషయమునకు మిక్కిలి దగ్గఱగా నున్నవి. మెడకును భుజశిరస్సునకును నడుమ నున్నది అంసము. దానికి దెబ్బ తగిలినచో బాహువు స్తబ్ధమగును. వీపుపై వెన్నెముకకు ఇరుప్రక్కల నున్నవి అంసఫలకములు. వానికి దెబ్బ తగిలినచో బాహువులకు స్వాపము, శోషము కలుగునని చెప్పబడినది. స్వాపమనగా స్పర్శ నిదురించుట, అనగా తిమ్మిరి. శోషమనగా కండ ఎండిపోవుట. చేయి పడిన రోగిని పరీక్షించు నేటి వైద్యుడు మొదట వెదకు రెండు గుర్తులును ఇవియే. ఈ మూడు మర్మములను సుశ్రుతుడు వైకల్యకరములు అను 44 మర్మముల తెగలో చేర్చెను. ప్రాణము పోదు, అంగము చెడును అని తాత్పర్యము. ఇంకొకటి: సూత్రస్థానము ఇరువదియైదవ అధ్యాయమున స్నాయువు తెగినవాని లక్షణములు కలవు. అవయవము వ్రాలుట, పనులయందు అశక్తత, తీవ్రమైన నొప్పి, గాయము మానుటలో ఆలస్యము. శక్తి పోయిన అంగమునందే దుర్భరమైన బాధ యుండుననుట విరుద్ధముగ తోచును. కాని మెడయొద్ద నాడీమూలములు పెరికివేయబడినవారిలో పెక్కుమంది స్పర్శయే లేని అఱచేతిలో మంటగా, నలిపివేయుచున్నట్లుగా నొప్పి చెప్పుదురు. రోగిని దగ్గఱగా చూచినవాడు తప్ప ఈ రెంటిని ఒకచోట వ్రాయజాలడు.

ఇంతమాత్రమున సుశ్రుతుడు నేటి నాడీమండలమును ఎఱుగునని చెప్పుట మన పక్షమున తొందరపాటగును. ఆయన చూచినది ఫలమును. దెబ్బకును ఫలమునకును గల సంబంధమును. నడుమ పనిచేయు దారమును ఆయన వేఱుగ గుర్తింపలేదు. కక్షధరమును, అంసమును స్నాయుమర్మములలోను, అంసఫలకమును అస్థిమర్మములలోను లెక్కించుటయే ఇందులకు సాక్ష్యము. పూర్వుల పరిశీలనను గౌరవించుటకు వారికి లేని సిద్ధాంతమును వారి నెత్తిన పెట్టనక్కఱలేదు.

చిక్కంతయు ఆ దారమునకు పేరు పెట్టుటలోనే యున్నది. అమరకోశమున నాడి, ధమని, సిర అనునవి పర్యాయములు, స్నాయువు వేఱు. సుశ్రుతుడు శారీరస్థానము తొమ్మిదవ అధ్యాయమున సిరా ధమనీ స్రోతస్సులు ఒకటే అను మతమును ఖండించి, వానికి భేదమును స్థాపించెను. నాడీపరీక్ష చరక సుశ్రుతులయందు లేదు. శార్ఙ్గధరసంహిత నాటికి వైద్యమున చేరినది. తెలుగు వైద్యులకు చిరపరిచితమైన బసవరాజీయమున గ్రంథారంభముననే దానికి చోటు దొరికినది. అందువలన సామాన్యునకు నాడి యనగా మణికట్టున కొట్టుకొను నాడియే. తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములలో నాడీకణము, నాడీవ్యవస్థ యనగా మెదడు వెన్నుపాములకు సంబంధించినవి. ఒకే శబ్దము బడిలో ఒకటి, వైద్యుని అరుగుపై మఱియొకటి. ఇక ఇంటిమాట నరము. చేతిపై నీలముగ ఉబ్బినదియు నరమే, మడమవెనుక బిగిసినదియు నరమే, తెగినచో వ్రేళ్లు కదలనిదియు నరమే. ‘నరము తెగినది’ అని రోగి చెప్పినపుడు రక్తనాళమా, కండను ఎముకకు కట్టు త్రాడా, నాడియా అనునది ఆ మాటవలన తేలదు.

రాయదుర్గమున ఈ చిక్కు ఇంకను ముదురును. 1953 వఱకు ఈ తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు అనంతపురమునకు చేరినది. నేటికిని ఈ ఊరివారికి అనంతపురము కంటె బళ్లారియే దగ్గఱ; పెద్ద దెబ్బ తగిలినవారిని అటు కొనిపోవుట సహజము. ఇంట తెలుగు, సంతలో రెండును, ఆసుపత్రిలో కన్నడము. కన్నడమున స్నాయువనగా కండరము. మరాఠీలోను అంతే. వంగభాషలో స్నాయువే నేటి నాడి. తెలుగు పాఠ్యగ్రంథములలో అది కండను ఎముకకు కట్టు త్రాడునకు సంబంధించిన మాట. కండరము మాటయు ఇట్టిదే. సంస్కృతమున కండరా యనగా లావైన స్నాయువు. శరీరమున పదియాఱు కలవని సుశ్రుతుని లెక్క. తెలుగున కండరమనగా మాంసపేశి. విశ్వాచి యను వ్యాధిని చెప్పుచు గ్రంథకర్త బాహుపృష్ఠమునుండి వ్రేళ్ల వఱకు పోవు కండరలను పేర్కొనెను. తెలుగు విద్యార్థి దానిని కండరముల జబ్బుగా చదువుకొనుట నేను పలుమార్లు చూచితిని. ఆ పొరపాటు విద్యార్థిది కాదు, నిఘంటువుది.

ఇక వస్తువునకు వత్తము. మెడలో వెన్నుపామునుండి వెడలు ఐదు నాడీమూలములు (గ్రీవాభాగమున ఐదు, ఆఱు, ఏడు, ఎనిమిదవవి, వక్షోభాగమున మొదటిది) మెడప్రక్క కండరముల సందున బయటికి వచ్చి, ఒకదానితో ఒకటి కలసి, విడి, మరల కలసి, జత్రువు క్రిందుగ చంకలోనికి దిగును. ఈ అల్లికను వైద్యులు బ్రేకియల్ ప్లెక్సస్ అందురు. బాహునాడీజాలమని మనము వ్యవహరింపవచ్చును. చంకనుండి ఐదు ముఖ్యనాడులు విడివడును. భుజమును ఎత్తునది ఆక్సిలరీ; మోచేతిని ముడుచునది మస్క్యులోక్యుటేనియస్; మోచేతిని చాచి, మణికట్టును, వ్రేళ్లను పైకెత్తునది రేడియల్; బొటనవ్రేలిని, పిడికిలిని నడుపునవి మీడియన్, అల్నార్. స్థూలముగ చెప్పినచో పైమూలములు భుజమును, క్రిందిమూలములు హస్తమును పాలించును. మెడనుండి చంకవఱకు ఈ జాలము పోవు దారిని మనస్సున గీసికొని, పైన చెప్పిన అంస కక్షధరముల స్థానములను దానిపై ఉంచినచో రెండును ఒకే మార్గమున పడుట కనబడును.

వయస్కులలో ఈ జాలము చెడుటకు నేడు మొదటి కారణము మోటారు సైకిలు. బండి జారినపుడు మనిషి ఎగిరి భుజముపై పడును. భుజము క్రిందికి, తల రెండవవైపునకు తోయబడును. నడుమ నున్న నాడులు సాగి తెగును, లేదా వెన్నుపామునుండియే పెరికివేయబడును. లొజాన్ నగరమున శస్త్రవైద్యుడైన నారకాస్ వేయిమందికి పైబడిన రోగుల అనుభవమును 1985లో ఒక సూత్రముగ చెప్పెను: బాహునాడీజాలపు దెబ్బలలో నూటికి సుమారు డెబ్బది వాహన ప్రమాదములవి, వానిలో నూటికి డెబ్బది ద్విచక్రవాహనములవి. ఇది ఐరోపాలోని లెక్క. బళ్లారి త్రోవను, కళ్యాణదుర్గము త్రోవను ఎఱిగినవారికి ఇచట దానికంటె తక్కువ యుండునని తోచదు. శిరస్త్రాణము ప్రాణమును కాపాడును, దానిని మానరాదు. కాని భుజమును కాపాడుట దాని పని కాదు.

రెండవ విధము పాతది, మన చెట్లకు సంబంధించినది. చింతకాయ దులుపుటకు ఎక్కినవాడు, ఈతచెట్టు గీయువాడు కాలుజారి పడుచు కొమ్మను ఒంటిచేత పట్టుకొనును. శరీరభారమంతయు తలపైకి లాగబడిన చేతిపై పడును. ఇట సాగునవి క్రిందిమూలములు. భుజము లేచును, మోచేయి ముడుగును, కాని వ్రేళ్లు పట్టు తప్పును. ఆ వైపు కనురెప్ప కొంచెము వ్రాలి, కంటిపాప చిన్నదైనచో, మొదటి వక్షోమూలము వెన్నుపాము దగ్గఱనే పెరికివేయబడినదని వైద్యుడు శంకించును. చేతి దెబ్బకు కంటిలో గుర్తు కనబడుట వింతగా తోచును; కంటికి పోవు కొన్ని తంతువులు ఆ మూలము మార్గముననే బయలుదేరుట దానికి కారణము. భుజసంధి తొలగినపుడు ఆక్సిలరీ నాడియు, దండచేయి ఎముక నడుమ విఱిగినపుడు దానిని చుట్టుకొనిపోవు రేడియల్ నాడియు దెబ్బ తినుట తఱచు. త్రాగిన మత్తున బల్ల అంచుపై చేయి వ్రేలాడవేసి నిదురించినవానికి తెల్లవారునప్పటికి మణికట్టు వ్రాలిపోవుట ఈ రేడియల్ నాడి ఒత్తిడివలననే. అది చాలవఱకు కొన్ని వారములలో దానంతట తగ్గును. తగ్గునట్టి ఇట్టివానినే చూచి అన్నియు తగ్గునని నమ్ముటవలన నష్టము కలుగుచున్నది.

ఏల కొన్ని తగ్గును, కొన్ని తగ్గవు? 1943లో ఆంగ్లవైద్యుడు సెడ్డన్ నాడికి తగులు దెబ్బలను మూడు తెగలుగ విభజించెను. మొదటిదానిలో నాడి తెగదు, పని మాత్రము నిలిచిపోవును, దీనిని నాడీస్తంభనమనవచ్చును. రెండవదానిలో లోపలి తంతువులు తెగును, పైతొడుగు నిలుచును; తంతుచ్ఛేదము. మూడవదానిలో నాడియే తెగును, నాడీచ్ఛేదము. వీనికి తోడు బాహునాడీజాలమునకు ప్రత్యేకమైనది మూలోత్పాటనము, అనగా వెన్నుపామునుండి వేరు ఊడుట. తెగిన తంతువు దెబ్బకు ఆవలిభాగమున నశించునని వాలర్ 1850లో కప్పలయందు చూపెను. మిగిలిన మొదలినుండి అది మరల చిగుర్చును. పైతొడుగు నిలిచియున్నచో దానిలోననే దారి వెదకుకొనుచు పోవును. తొడుగు తెగినచో దారి దొరకదు, శస్త్రవైద్యుడు కుట్టవలెను, లేదా కాలినుండి తెచ్చిన నాడీఖండమును అతుకవలెను. వేరు ఊడినచో చిగుర్చుటకు మొదలే లేదు.

ఇట కాలగణన ప్రధానము. చిగుర్చిన తంతువు దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు, అనగా నెలకు ఒక అంగుళము చొప్పున సాగును. మెడనుండి మోచేతిపై కండరమును చేరుటకు నెలలు పట్టును. మెడనుండి అఱచేతిని చేరుటకు అఱువది సెంటీమీటర్లకు పైబడిన దూరము, అనగా రెండు సంవత్సరములకు దాపు. కాని నాడి తెగిన కండరము అంతకాలము వేచియుండదు. పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలు గడచిన పిమ్మట నాడి వచ్చి చేరినను స్వీకరించు శక్తి దానికి మిగులదు. సుశ్రుతుడు చెప్పిన శోషము అప్పటికి పూర్తియగును. మెడయొద్ద తెగినపుడు అఱచేతి చిన్న కండరములు వయస్కులలో అరుదుగ మాత్రమే కోలుకొనుటకు కారణము ఈ లెక్కయే. కావున కత్తివంటి వాడియైన వస్తువుచే తెగిన నాడిని వెంటనే, కొలదిదినములలో కుట్టవలెను. సాగినందున కలిగిన మూతగాయమున సుమారు మూడు నెలలు వేచి, తనంతట వచ్చు చిహ్నములను పరీక్షింతురు. రానిచో మూడునుండి ఆఱు నెలలలోపున శస్త్రము చేయుట మేలని వైద్యుల అభిప్రాయము. మూలోత్పాటనమని తేలినచో వేచియుండుటవలన ప్రయోజనము లేదు. నాడుల విద్యుత్పరీక్ష మూడు నాలుగు వారములకు గాని స్పష్టముగ తెలియజేయదు, మెడ ఎం.ఆర్.ఐ. చిత్రము ఊడిన వేరును చూపగలదు. వేచియుండు ఆ మూడు నెలలును ఊరకుండు నెలలు కావు. కీళ్లు బిగిసికొనకుండ దినమునకు పలుమార్లు కదలించుట, వ్రేలాడు భుజమునకు ఆధారమిచ్చుట, స్పర్శలేని వ్రేళ్లను పొయ్యికి, వేడినీటికి దూరముగ ఉంచుట ఇంటివారి పని. వేరుసెనగ పీకు చేతికి కాలిన బొబ్బ కూడ తెలియదు.

ఇప్పుడు మొదటి మాటకు రావలెను. మన పల్లెలలో ‘చేయి పడిపోయినది’ అనునది రెండు వ్యాధులకును ఒకటే మాట. వినినవారు పక్షవాతమందురు. పక్షవాతమనగానే మందునూనెలు, మర్దనములు, పథ్యములు. నూనె రాచుటవలన హాని యని కాదు. చర్మమునకును కీళ్లకును మేలే. రాచుచు ఆఱు నెలలు గడుపుటయే హాని. భేదమును తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కఱలేదు. నోరు వంకరపోలేదు, మాట తడబడలేదు, కాలు నడచుచున్నది, చేయి ఒక్కటే పడినది, అంతకుముందు దెబ్బ తగిలినది. ఇది మెదడుది కాదు, నాడులది. అట్లని దెబ్బ తగులక హఠాత్తుగ చేయి పడినవారిని, నోరు వంకరపోయినవారిని ఉపేక్షింపరాదు. వారికి గంటలే గడువు. ఒక పేరుతో గంటల గడువు, మఱియొక పేరుతో నెలల గడువు.

ఎముక కట్టు విషయమున ఒక మాట. భుజసంధి తొలగినపుడు చంకలో రోకలి నుంచి ఎత్తి సరిచేసి, స్వస్తికబంధము వేయవలెనని చికిత్సాస్థానము మూడవ అధ్యాయమున కలదు. యవనవైద్యులును చంకలో మడమ నుంచి చేయి లాగు పద్ధతిని వ్రాసిరి. రోకలి ఆను చోటు కక్షధరమే! అది మర్మమని హెచ్చరించిన గ్రంథమే అచట బలము ప్రయోగింపుమనుట వైరుధ్యము కాదు; శస్త్రవైద్యుని చేతికి చెప్పిన మాట అది, ఇంటివారి చేతికి కాదు. మన ప్రాంతమున పుత్తూరు కట్టు ప్రసిద్ధము, దానిపై జనులకు గల నమ్మకము చిరకాలమైనది. ఏ కట్టు ఎవరు కట్టినను, కట్టకముందు మణికట్టు పైకెత్తగలడా, భుజముపై చర్మమున స్పర్శ కలదా అని రెండు క్షణములు చూడవలసియున్నది. కట్టిన పిమ్మట చూచినచో నాడి దెబ్బతో చెడినదో, కట్టుతో చెడినదో చెప్పుట కష్టము.

శస్త్రచికిత్స గడచిన నలువది సంవత్సరములలో చాల మాఱినది. ఊడిన వేరును అతుకలేనప్పుడు, పనిచేయుచున్న వేఱొక నాడిని మళ్లించి కండరమునకు చేర్చుదురు. మెడకండరమునకు పోవు నాడిని భుజమెత్తుటకును, ప్రక్కటెముకల నడుమ నాడులను మోచేయి ముడుచుటకును వాడుదురు. అల్నార్ నాడిలోని ఒక చిన్న పాయను మోచేతి కండరమునకు కలుపు విధానమును ఫ్రాన్సు దేశపు ఓబెర్లిన్ 1994లో ప్రకటించెను. హస్తము చెడక పైమూలములు మాత్రము తెగినవారికి ఇది వరము. చైనాలో గూ యూడాంగ్ 1986లో రెండవవైపు మెడనుండి ఒక మూలమును తెచ్చి వాడెను. మనకు దగ్గఱలో కోయంబత్తూరు గంగా ఆసుపత్రి ఇట్టి చికిత్సకు పేరుపొందినది. ఒక్కటి మాత్రము ముందే తెలిసియుండవలెను: సంపూర్ణముగ పడిన చేయి పూర్వపు చేయి కాదు. మోచేయి ముడిగి, భుజము నిలిచినచో, ఆ చేయి రెండవచేతికి ఆసరాగ పనికివచ్చును. కూలిపనివానికి అదియు తక్కువ కాదు.

ఏడాది దాటి వచ్చినవారికి నాడీశస్త్రము పనికిరాకున్నను ద్వారములన్నియు మూసికొనవు. పనిచేయు కండరపు చివర త్రాటిని విడదీసి, పనిచేయని కండరపు స్థానమున కుట్టు పద్ధతి కలదు. వేలూరులో పాల్ బ్రాండ్ 1940ల చివరనుండి కుష్ఠురోగుల హస్తములపై దీనిని అభివృద్ధి చేసెను. రేడియల్ నాడి చెడి వ్రాలిన మణికట్టును ఈ విధమున నిలుపుట నేటికిని నమ్మదగిన శస్త్రము. సంవత్సరములు గడచిన పిమ్మటను చేయవచ్చును, కీళ్లు బిగిసికొనకుండ కాపాడియున్నచో. కుట్టబడు ఆ త్రాడే సుశ్రుతుని స్నాయువు, తెలుగువాని నరము, కన్నడమున స్నాయురజ్జువు.